టెడ్ టర్నర్‌కు ఓరుగల్లు సన్మానం: పత్రంలో ఏం రాయాలి, శాలువా డబ్బుతో ఏం చేయాలి?

హన్మకొండ_పఠనం
మిత్రులందరికీ నమస్కారం. నవంబరు 19 టెడ్ టర్నర్ పుట్టిన తేదీ. 1938లో సిన్సినాటీలో పుట్టారు. మీడియా వ్యాపారంలో సంపాదించిన డబ్బును ప్రపంచ ఆరోగ్యానికి, పర్యావరణానికి మళ్లించిన మనిషి కాబట్టి, ఆ రోజు హన్మకొండలో ఒక సాయంత్రం సభ పెట్టి సన్మాన పత్రం చదవాలని మన పఠన బృందం అనుకుంటోంది. పత్రం ప్రతి ఒకటి వాషింగ్టన్‌లోని యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్ కార్యాలయానికి పంపుతాం. ముసాయిదాలో ముఖ్యమైన వాక్యాలు ఇవి:

"1980లో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానల్ సీఎన్ఎన్ స్థాపించిన దార్శనికుడు. 1997లో ఐక్యరాజ్యసమితికి వంద కోట్ల డాలర్ల చెక్కు అందించిన దాత. ఇరవై లక్షల ఎకరాలను ప్రకృతికి దానమిచ్చిన భూమిపుత్రుడు. క్యాప్టెన్ ప్లానెట్ కార్టూన్ ద్వారా పిల్లలకు పర్యావరణ పాఠం చెప్పిన గురువు."

తప్పులుంటే దిద్దండి. శాలువా, జ్ఞాపిక, ఫ్లెక్సీల గురించి కూడా మీ మాట కావాలి.

వార్తల_డెస్క్
సభ ఆలోచన బాగుంది. కానీ ఈ ముసాయిదా చదివితే ఆయన చేసిన పనిలో అసలైన గొప్పదనం కనిపించదు. రెండు వాక్యాలు నిజానికి తప్పు కూడా.

మొదటిది, చెక్కు. 1997 సెప్టెంబరు 18న న్యూయార్క్‌లో యునైటెడ్ నేషన్స్ అసోసియేషన్ ఆయనకే సత్కార విందు ఇచ్చింది. అప్పటి సమితి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆ వేదిక మీద సన్మానం అందుకుంటూనే ఈ ప్రకటన చేశారు. అప్పటి మారకం లెక్కన మన రూపాయల్లో దాదాపు 3,600 కోట్లు. అయితే చేతికి చెక్కు ఇవ్వలేదు. టర్నర్ బ్రాడ్‌కాస్టింగ్‌ను 1996లో టైమ్ వార్నర్‌లో కలిపేసినందుకు వచ్చిన షేర్లు ఆయన దగ్గర ఉన్నాయి. వాటి నుంచి ఏటా పది కోట్ల డాలర్ల చొప్పున పదేళ్లు ఇస్తానన్నారు.

డబ్బు ఐక్యరాజ్యసమితి ఖజానాకు నేరుగా పోలేదు కూడా. అమెరికా ప్రభుత్వం సమితికి పడ్డ బాకీ తీర్చేద్దామన్నది ఆయన మొదటి ఆలోచన. సభ్యత్వ చందా ప్రభుత్వాలే కట్టాలి, వ్యక్తులు కట్టడం కుదరదని లాయర్లు చెప్పారు. అప్పుడు పుట్టిందే యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్, 1998లో. మాజీ సెనేటర్ టిమోతీ వర్త్ దానికి తొలి అధ్యక్షుడు. అవతలి వైపున సమితి కూడా భాగస్వామ్యాల కోసం ఒక ప్రత్యేక నిధి కార్యాలయం తెరిచింది. సమితి సంస్థలు ప్రతిపాదనలు పెట్టాలి, ఆ కార్యాలయం వడపోయాలి, ఫౌండేషన్ బోర్డు ఆమోదించాలి, ఆ తర్వాతే డబ్బు కదలాలి. పిల్లల ఆరోగ్యం, స్త్రీలు-జనాభా, పర్యావరణం, శాంతి-భద్రత-మానవ హక్కులు అని పరిధి గీసుకున్నారు.

రెండోది, భూమి. ఇరవై లక్షల ఎకరాలు ఆయన కొన్నవి. దానం ఇచ్చేశారని రాస్తే ఎవరైనా ఒక్క నిమిషంలో తప్పు పట్టుకుంటారు.

ఓరుగల్లు_ప్రశ్న
నాకు సందేహం ఉంది, పెద్దలు కోపగించుకోవద్దు. కోటీశ్వరుడు తన సంపదలో కొంత ఇస్తే మనం ఇక్కడ సభ పెట్టడం ఎందుకు? పైగా ఆ భూముల్లో అడవిదున్నల్లాంటి బైసన్‌లను పెంచి వాటి మాంసం అమ్ముతారు, సొంత హోటళ్లు కూడా ఉన్నాయి. దాన్ని పర్యావరణ సేవ అనొచ్చా?

వార్తల_డెస్క్
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. విడివిడిగా చూద్దాం.

డబ్బు సంగతి. ఆ ఏడాది తొమ్మిది నెలల్లో ఆయన ఆస్తి రెండు వందల ఇరవై కోట్ల డాలర్ల నుంచి మూడు వందల ఇరవై కోట్లకు పెరిగింది. "తొమ్మిది నెలల సంపాదన ఇస్తున్నానంతే" అన్న అర్థంలో ఆయనే చెప్పారు. కాబట్టి ప్రకటన చేసిన రోజున అది పెద్ద త్యాగమేమీ కాదు. ఆ తర్వాతే అసలు పరీక్ష వచ్చింది. 2001లో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్‌తో టైమ్ వార్నర్ విలీనం పూర్తయ్యాక షేర్లు కుప్పకూలాయి. ఆయన ఆస్తిలో సింహభాగం కరిగిపోయింది. మాట తప్పడానికి అంతకంటే మంచి సాకు ఎవరికీ దొరకదు. ఆయన గడువు పెంచుకున్నారు, మొత్తం తగ్గించలేదు. నేను సన్మానం చేసేది ఈ ఒక్క పనికి. పత్రంలో సీఎన్ఎన్ కంటే ముందు ఇది రావాలి.

ఇంకొకటి. 1996లోనే, సంపన్నుల జాబితాలు అచ్చేయడం వల్ల తమ ర్యాంకు పడిపోతుందని ధనవంతులు దానం చేయడానికి వెనకాడుతున్నారని బహిరంగంగా విమర్శించారు. ఆ మాట పట్టుకుని ఒక అమెరికన్ వెబ్ పత్రిక పెద్ద దాతల జాబితా ప్రచురించడం మొదలుపెట్టింది. తోటి ధనికులను పేరు పెట్టి ఇబ్బంది పెట్టిన దాత ఆయన. 2010లో గివింగ్ ప్లెడ్జ్ మీద, అంటే ఆస్తిలో సగానికి పైగా దానం చేస్తామనే ధనికుల ప్రతిజ్ఞ మీద, సంతకం చేసిన తొలి జట్టులోనూ ఉన్నారు.

బైసన్ సంగతి పాలరాపు_రాబందు గారు చెబితే బాగుంటుంది.

పాలరాపు_రాబందు
చెబుతాను. ఉత్తర అమెరికా గడ్డి మైదానాల్లో ఒకప్పుడు కోట్లలో ఉన్న బైసన్, 1880ల చివరికి వెయ్యి లోపుకు పడిపోయింది. టర్నర్ మందల్లో దాదాపు 45,000 ఉన్నాయి. 2002లో మొదలుపెట్టిన హోటళ్లలో ఆ మాంసం అమ్మడం వెనుక లెక్క ఏమిటంటే, బైసన్‌కు గిరాకీ ఉన్నంతకాలం ఇతర రైతులు కూడా ఆవులకు బదులు వాటిని పెంచుతారు, గడ్డి మైదానం దున్నకుండా మిగులుతుంది. మాంసం అమ్మడం ఇష్టం లేనివాళ్లు ఈ వాదన ఒప్పుకోకపోవచ్చు, అది వాళ్ల హక్కు. కానీ వాణిజ్యం ముసుగు అనడం సరికాదు. ఆయన దాన్ని దాచలేదు.

భూమికి సంబంధించి పత్రంలో రాయదగ్గది వేరే ఉంది. మోంటానాలో లక్షా పదివేల ఎకరాలు దాటిన ఫ్లయింగ్ డి ర్యాంచ్ మీద 1989లో నేచర్ కన్జర్వెన్సీ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థతో సంరక్షణ ఒప్పందం చేసుకున్నారు. భూమి యజమాని పేరు మీదే ఉంటుంది, కానీ దాన్ని ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మే హక్కు శాశ్వతంగా వదులుకుంటూ రిజిస్టర్ చేస్తారు. తర్వాత కొన్నవాళ్లకూ ఆ షరతు వర్తిస్తుంది. హైవే పక్కన ఎకరం ఉంటే చాలు వెంచర్ వేసే మన ప్రాంతంలో, ఆ ఒక్క సంతకం విలువ ఎంతో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1997లో అంతరించిపోతున్న జీవుల కోసం ప్రత్యేక నిధి పెట్టారు. నల్లకాళ్ల ఫెర్రెట్, మెక్సికన్ తోడేలు, బోల్సన్ తాబేలు, వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ చేప, వీటి మీద పని జరిగింది. చూడటానికి అందంగా ఉండే జంతువులనే ఎంచుకోలేదు. ఫొటోలో ఆకట్టుకోని తాబేలు మీద డబ్బు ఖర్చుపెట్టడం నాకు నచ్చిన గుణం.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే రాబందులు. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు వైపు పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెట్టినట్టు 2013లో బయటపడింది. ఏడాదికి ఒక్క గుడ్డు. ఒక పిల్ల పోతే ఆ జంటకు ఆ ఏడాది పోయినట్టే. పశువులకు వాడే డైక్లోఫినాక్ ఇంజక్షన్, ఆ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలను పాడుచేస్తుంది. 2006లో పశువైద్యంలో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలను పశువులకు ఎక్కించడం ఆగకపోవడంతో 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. బదులుగా మెలాక్సికామ్ వాడొచ్చు. సభకు పశువైద్య సహాయకులు, మందుల దుకాణాలవాళ్లు వస్తే ఈ ఒక్క ముక్క వాళ్ల చెవిన వేయండి, చాలు.

బడి_గంట
క్యాప్టెన్ ప్లానెట్ వాక్యం ఉంచండి. 1990లో మొదలైంది. భూమి, అగ్ని, గాలి, నీరు, హృదయం అని అయిదుగురు పిల్లలకు అయిదు ఉంగరాలు. 1991లో ఆ కార్టూన్ పేరుతోనే పిల్లల పర్యావరణ పనులకు చిన్న గ్రాంట్లు ఇచ్చే ఫౌండేషన్ పెట్టారు. కార్టూన్ ఆగిపోయాక కూడా ఫౌండేషన్ నడిచింది. పిల్లలకు పాఠం చెప్పిన గురువు అనే కంటే ఈ సంగతి రాస్తే బరువుగా ఉంటుంది.

పత్రం నిడివి మాట. వేదిక మీద మూడు నిమిషాలు దాటితే వెనక వరుసలవాళ్లు ఫోన్లు తీస్తారు. తెలుగు చదివే వేగానికి మూడు నిమిషాలంటే 250 మాటలకు కాస్త అటూ ఇటూ. దార్శనికుడు, భూమిపుత్రుడు లాంటి బిరుదులన్నీ తీసేసి ఏ ఏడాది ఏం చేశారో రాయండి. చదివేవారికి ఊపిరి పీల్చుకునే చోట పేరా విరగ్గొట్టండి.

వార్తల_డెస్క్
అయితే పత్రంలో ఈ రెండు కూడా చేర్చుకోండి మేడం.

2000 డిసెంబరు. సమితి సాధారణ బడ్జెట్‌లో అమెరికా వాటాను 25 శాతం నుంచి 22 శాతానికి తగ్గించాలని బేరం నడుస్తోంది. మిగతా దేశాలు ఆ ఏటి బడ్జెట్ అప్పటికే వేసుకున్నాయి, మొదటి సంవత్సరం గండి ఎవరు పూడుస్తారని పేచీ. దాదాపు 3.4 కోట్ల డాలర్ల ఆ తేడా తాను భరిస్తానని టర్నర్ ముందుకొచ్చారు, బేరం కుదిరింది.

2002 ఆగస్టు. అప్పటి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ దగ్గర విన్చా అణు కేంద్రంలో బాంబుల తయారీకి పనికొచ్చే శుద్ధ యురేనియం 48 కిలోలు ఉంది. దాన్ని అక్కడినుంచి తరలించాలంటే, వాడేసిన ఇంధనం వల్ల పేరుకున్న కాలుష్యాన్ని కూడా శుభ్రం చేయాలని ఆ దేశం షరతు పెట్టింది. శుభ్రం చేసే పనికి డబ్బు పెట్టే అధికారం అమెరికా ప్రభుత్వ శాఖలకు చట్టంలో లేదు. మాజీ సెనేటర్ శామ్ నన్‌తో కలిసి టర్నర్ 2001లో పెట్టిన అణుముప్పు నివారణ సంస్థ 50 లక్షల డాలర్లు ఇచ్చింది. యురేనియం రష్యాకు తరలిపోయింది.

రెండింటిలోనూ ఒకటే పద్ధతి. ప్రభుత్వాలు చేయాల్సిన పెద్ద పని ఎక్కడో ఒక చిన్న చోట నిబంధన అడ్డొచ్చి ఆగిపోతుంది. ఆ చోటు కనిపెట్టి అక్కడ మాత్రమే ప్రైవేటు డబ్బు పెట్టాలి. మన సభకు వచ్చేవాళ్లలో ఇవ్వగలిగినవాళ్లు నేర్చుకోవాల్సింది ఇదే అని నా గట్టి నమ్మకం.

కొత్తవాడ_మగ్గం
శాలువా ఎవరికి కప్పుతారు, మనిషి ఇక్కడికి రారు కదా. ఆ డబ్బు వేరే పనికి పెట్టండి. పత్రంతో పాటు ఏదైనా పంపాలనుకుంటే మన కొత్తవాడ దర్రీ పంపండి. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వస్తువు. మూడడుగులు బై అయిదడుగులు చాలు, మడిస్తే పార్శిల్ బరువు పెరగదు. ఒక హెచ్చరిక: దర్రీలో తెలుగు అక్షరాలు నేయమని అడగొద్దు. మోటు నూలు కాబట్టి గుండ్రని అక్షరం మెట్లు మెట్లుగా వస్తుంది, "ర" ఏదో "ఠ" ఏదో తెలియదు. దర్రీలో రంగుల చారలు, అంచు మాత్రమే ఉంచి, మాటలు విడిగా పలచటి నూలుగుడ్డ మీద అచ్చువేయించి వెనక కుట్టించండి. రంగు కారకుండా ముందే ఒక మూల తడిగుడ్డతో రుద్ది చూడండి.

ఇత్తడి జ్ఞాపిక అయితే పెంబర్తి. వాళ్లు రేకు వెనక నుంచి కొట్టి బొమ్మ లేపుతారు, తొందరపెడితే పని చెడుతుంది. దసరా ముందే ఆర్డర్ ఇవ్వండి, పండుగ తర్వాత పెళ్లిళ్ల పని మీద పడుతుంది.

ఫ్లెక్సీ మాత్రం పెట్టకండి. పర్యావరణం కోసం పెట్టిన సభ ముందు పీవీసీ గుడ్డ కట్టడం నా మనసు ఒప్పదు. గాడా గుడ్డ ఎనిమిదడుగులు కొని పెయింటర్‌తో రాయిస్తే మళ్లీ ఏడాది తేదీ మార్చి వాడుకోవచ్చు.

హన్మకొండ_పఠనం
చాలా సంతోషం. బిరుదులన్నీ తీసేస్తున్నాం. శాలువా, ఫ్లెక్సీ, పూలదండల డబ్బు పక్కన పెడుతున్నాం. అయితే దాంతో ఏం చేద్దాం? బృందంలో మూడు మాటలు వచ్చాయి: నూరు మొక్కలు నాటడం, ములుగు ఏజెన్సీలో దోమతెరలు పంచడం, ఏదైనా చెరువు పని.

బడి_గంట
దోమతెరల ఆలోచన ఆయన పద్ధతికి దగ్గరే. 2006లో యునైటెడ్ నేషన్స్ ఫౌండేషన్ వాళ్లు పది డాలర్లకు ఒక తెర అని చెప్పి జనం దగ్గర చిన్న చిన్న విరాళాలు పోగుచేశారు. ఇచ్చినవాడికి తన డబ్బు ఏమైందో తెలిసే ధర అది. కానీ మన దగ్గర మలేరియా గ్రామాలకు తెరలు ఆరోగ్య శాఖ ద్వారా వస్తాయి. మనం బజారులో కొన్న మామూలు తెర పంచితే, మందు పూసిన తెర పక్కన పెట్టి దీన్ని కడతారు, నష్టమే. మందు తెర దాదాపు మూడేళ్లు, ఇరవై ఉతుకుల దాకా పనిచేస్తుంది. కొత్తదాన్ని ఒక రోజు నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే మందు చెడిపోతుంది. వాగులో ఉతికితే చేపలు చస్తాయి. ఈ నాలుగు మాటలు బొమ్మలతో గోడ మీద రాయించడానికి ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఒప్పుకుంటే అది చేయండి. తెరలు కొనొద్దు.

మత్తడి
అందరి మాటలు చదివిన. మొక్కలు నాటుడు తేలిక, బతికించుడు కష్టం. నూరు నాటి ఫొటో దిగి పోతె ఎండకాలానికి పది మిగుల్తయి. నాటాలనుకుంటె ముప్పై నాటుండ్రి, రెండు ఎండకాలాలు నీళ్లు పోసే మనిషిని ముందే మాట్లాడుకోండ్రి. కోనోకార్పస్ జోలికి పోవద్దు. చెరువు కట్ట మీద మర్రి, రావి అసలే వద్దు, వేర్లు కట్టలకు దిగి నీళ్లకు దారి చేస్తయి.

డెస్క్ సారు చెప్పిన మాట నాకు మస్తు నచ్చింది, పెద్ద పని చిన్న కాడ ఆగిపోతదని. మన గొలుసుకట్టు చెరువులల్ల ఆ చిన్న కాడ అంటె కట్టుకాలువ. కాకతీయులు ఒక చెరువు మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువులకు పోయేటట్టు కట్టిండ్రు. పూడిక సర్కారు తీసినా, కట్ట బాగు చేసినా, మీది నుంచి నీళ్లు మోసుకొచ్చే కాలువ సర్కారు తుమ్మతోని, ఒండ్రుతోని మూసుకపోతె ఏం లాభం? వానకు ముందు ఏటేటా చేసే చిన్న సవరింపు ఎవరి పద్దులకు రాదు. చెరువు నీళ్లు పంచే నీరటి ఉన్నప్పుడు ఆయన చూసుకునేటోడు.

అందుకే ఒక్క చిన్న కుంట పట్టుకోండ్రి. దాని ఒక్క కట్టుకాలువ. లెక్క చెప్త.

కిలోమీటరున్నర లోపు కాలువ చూడుండ్రి, 1,200 మీటర్లు అనుకుందాం. కాలువ అడుగున వెడల్పు ఒక మీటరు, పేరుకున్న ఒండ్రు అర మీటరు. 600 ఘనపు మీటర్లు అయితది. ఇరుకు కాలువల జేసీబీ గంటకు 25 ఘనపు మీటర్లు తీస్తదనుకుంటె 24 గంటల పని. గంటకు 1,200 రూపాయలు అనుకుంటె 28,800. తుమ్మ పీకుడుకు ఇంకో ఎనిమిది గంటలు, 9,600. తుమ్మను మీద మీద నరికితె మూన్నెల్లల్ల గుబురై లేస్తది. మొదలు కాడ నేల కింద అడుగు లోతు దాక తవ్వి గడ్డ తోని సహా తియ్యాలె.

తీసిన మన్ను కాలువ అంచు మీద పొయ్యొద్దు. మొదటి వానకే మళ్ల లోపలికి జారుతది. పల్లం వైపు మీటరు దూరం ఇడిచి గట్టు లెక్క పరవాలె. ఎగువ వైపు పోస్తె పొలాల నీళ్లు కాలువలకు రాకుండ ఆగి రైతుతోని పంచాయతి అయితది.

అసలు గొడవ దాటు పైపుల కాడ ఉంటది. పొలం బాట కోసం కాలువల ఒక అడుగు పైపు ఏసి మన్ను కప్పుతరు. రెండడుగుల పైపు ఏస్తె అదే వాలుల ఆరింతలకు మించి నీళ్లు పోతయి. రెండింతలు పోతయని చాన మంది అనుకుంటరు. 600 మిల్లీమీటర్ల ఎన్‌పీ3 రకం హ్యూమ్ పైపు (సిమెంటు పైపు), ఒక్కోటి రెండున్నర మీటర్లు ఉంటది, ట్రాక్టరు బాటకు రెండు కావాలె. కింద గట్టిగ దిమ్మిస కొట్టి, రెండు పైపుల అతుకు కాడ కాలరు ఏసి, రెండు దిక్కుల రాతి గోడ కట్టాలె. గోడ లేకుంటె నీళ్లు పైపు పక్కపొంటి దారి చేసుకుని బాట కూలుతది. పైపు మీద కనీసం రెండడుగుల మన్ను ఉండాలె, లేకుంటె వడ్ల ట్రాలీ ఎక్కంగనే పగుల్తది. ఒక్కో దాటుకు అన్నీ కలిపి 35,000 పెట్టుకోండ్రి, రెండు దాట్లకు 70,000.

కుంటల కలిసే ముందు ఒక ఒండ్రు గుంత. మూడు మీటర్లు పొడవు, రెండు వెడల్పు, ఒకటి లోతు. పదివేలు. ఏటా మృగశిరకు ముందు దాన్ని ఒక్కదాన్ని తీస్తె కాలువంత తీసే పని తప్పుతది. చుట్టూ కంప పెట్టుండ్రి, పిల్లలు, మేకలు పడుతరు.

మొత్తం 1,18,400.

ఓరుగల్లు_ప్రశ్న
మత్తడి సార్, కుంటలో పూడిక కూడా కలిపి తీస్తే ఒకేసారి అయిపోతుంది కదా? రైతులు ఒండ్రు పొలాలకు తోలుకుంటారు.

మత్తడి
ఆగు తమ్మీ, ఆ లెక్క చూడు. ఒక ఎకరం, ఒక అడుగు లోతు తీస్తె 1,233 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రాలీకి మూడు ఘనపు మీటర్లు పడితె 411 ట్రిప్పులు. పదెకరాల కుంట అయితె నాలుగు వేల ట్రిప్పులు దాటుతది. మన అసొంటోళ్ల చందాలతోని అయ్యేది కాదు. దానికి నీటిపారుదల శాఖ ఉన్నది.

ఎవరు చేసినా రెండు చూసుకోవాలె. తూము మట్టం కంటె కిందికి తవ్వితె ఆ నీళ్లు పొలానికి ఎక్కవు, ఉత్తగ నిలుస్తయి. కట్ట అడుగు నుంచి పది మీటర్ల లోపల గడ్డపార పెట్టొద్దు, కట్ట కూర్చుంటది. గుంతలు గుంతలుగ తవ్వితె బతుకమ్మ నాడు పిల్లలు లోతు తెల్వక దిగుతరు. ఇది మాత్రం మర్వద్దు.

కాలువ పనికి కూడ ముందుగాల అనుమతి. మండలం సర్వేయరు తోని నక్షా, టీపన్ (కొలతల కాగితం) పట్టుకుని కాలువ హద్దు కొలిపించుండ్రి. శిఖం, అంటె చెరువు నీళ్లు నిలిచే జాగ, దాక రెండు దిక్కుల రాళ్లు పాతాలె. తర్వాత గ్రామ పంచాయతి తీర్మానం, ఆ తర్వాత నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గర కాగితం. ఉపాధి హామీ పనుల జాబితాల ఆ కాలువ ఉంటె అక్కడ మిషన్ పెట్టొద్దు, కూలీల పని పోతది. ఇవన్నీ కావాలంటె నవంబరు నుంచి ఫిబ్రవరి దాక టైం పడతది. మార్చిల వరి కోతలు కాకముందు మిషన్ దింపితె చేను తొక్కుతరు. ఏప్రిల్ నడుమ నుంచి మే ఆఖరు దాక మంచి టైం.

లెక్కల_దఫ్తర్
డబ్బు విషయం నేను చెబుతాను. టర్నర్ పద్ధతినే చిన్నగా పెట్టుకుందాం: మొత్తం ముందే చెప్పాలి, వాయిదాలు రాసివ్వాలి, ఖర్చు ఎవరు నిర్ణయిస్తారో దాతకు సంబంధం లేకుండా ఉండాలి.

మొదటి ఏడు 1,20,000. తర్వాత రెండేళ్లు సవరింపుకు ఏటా 20,000. మొత్తం 1,60,000. నలభై మంది ఒప్పుకుంటే మనిషికి 4,000: మొదట 3,000, తర్వాత 500, మళ్లీ 500. సభలో ఈ అంకెలు గాడా గుడ్డ మీదే రాయించండి, పేర్లతో సహా. బహిరంగంగా చెప్పిన మాట ఆలస్యం కావచ్చు గానీ అంత తేలిగ్గా మాయం కాదు.

కొత్త సొసైటీ పెట్టొద్దు. పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు, నియమావళి, ఏటా లెక్కలు దాఖలు, ఒక కాలువ కోసం అంత తలనొప్పి ఎందుకు? ఇప్పటికే నడుస్తున్న, ఏటా ఆడిట్ అయ్యే సొసైటీ ఒకటి ఒప్పుకుంటే వాళ్ల కార్యవర్గం తీర్మానం చేసి ఈ పనికి విడి పద్దు తెరవాలి. వాళ్లకు 80జి నమోదు ఉంటేనే రసీదు మీద పన్ను మినహాయింపు అని రాయాలి. నగదు 2,000 దాటితే మినహాయింపు రాదు కాబట్టి మొదటి వాయిదా యూపీఐలో గానీ చెక్కులో గానీ తీసుకోండి. దాతల వివరాలు సొసైటీ మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు దాఖలు చేయాలి, అక్కడినుంచి వచ్చే ధ్రువపత్రం దాతకు ఇవ్వాలి. అది మరిచిపోతే రసీదు చేతిలో ఉన్నా దాతకు మినహాయింపు రాదు. 2025 ఆదాయపు పన్ను చట్టంతో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి రసీదు అచ్చు వేయించే ముందు ఆడిటర్‌కు ఒకసారి చూపించండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు డబ్బు పంపుతామంటారు, అక్కడ జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళం కిందికి వస్తుంది. ఆ సొసైటీకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉంటేనే తీసుకోవాలి. ఒక సొసైటీ తీసుకుని ఇంకో సొసైటీకి బదిలీ చేయడం కూడా 2020 సవరణ తర్వాత కుదరదు. పాస్‌పోర్టు ప్రతి తీసుకోకుండా ఒక్క రూపాయి కూడా జమ చేయొద్దు.

హన్మకొండ_పఠనం
ఖర్చు నిర్ణయించేది ఎవరు? మా కార్యవర్గమే చూసుకోవచ్చా?

లెక్కల_దఫ్తర్
వద్దు. ముగ్గురు చాలు: నీటి పని తెలిసిన ఒకరు, ఆ కుంట కింద ఆయకట్టు రైతు ఒకరు, లెక్కలు చూసే ఒకరు. డబ్బు ఇచ్చినవాళ్లెవరూ ఆ ముగ్గురిలో ఉండకూడదు. జేసీబీ గంటల పుస్తకం మీద ఆ రోజు సాయంత్రమే రైతు సంతకం పెట్టాలి. వారం తర్వాత రాస్తే 24 గంటలు 31 అవుతాయి. ఇద్దరి సంతకం లేకుండా చెల్లింపు కదలకూడదు. సభ ఖర్చుకు ఈ పద్దు నుంచి పైసా తీయకూడదు. హాలు, టీలు, దర్రీ, పార్శిల్ వేరే జేబు.

వార్తల_డెస్క్
ఇదంతా చూశాక పత్రం మొదటి పేరా ఇలా ఉండాలని నా ప్రతిపాదన, దిద్దండి:

"1997 సెప్టెంబరు 18న మీకు జరుగుతున్న సత్కార సభలోనే వంద కోట్ల డాలర్లు ఇస్తానని మీరు మాట ఇచ్చారు. ఆ మాట నిలబెట్టడానికి వేరుగా ఒక సంస్థను, వేరుగా ఒక బోర్డును ఏర్పాటు చేశారు. షేర్ల విలువ పడిపోయినప్పుడు గడువు పెంచుకున్నారే తప్ప మొత్తం తగ్గించలేదు. ఓరుగల్లు మిమ్మల్ని ఇందుకు గౌరవిస్తోంది."

రెండో పేరాలో విన్చా, సమితి చందా. మూడో పేరాలో ఫ్లయింగ్ డి ఒప్పందం, అంతరించే జీవుల నిధి, పిల్లల ఫౌండేషన్. సీఎన్ఎన్ ఒక్క వాక్యం, 1980 జూన్ 1 తేదీతో. చివర మన కాలువ పొడవు, మూడేళ్ల మొత్తం, దాతల సంఖ్య.

కొత్తవాడ_మగ్గం
దర్రీ వెనక కుట్టే గుడ్డ మీద ఆ మొదటి పేరా సరిపోతుంది. 16 పాయింట్ల కంటే చిన్న అక్షరం వద్దు, నూలు మీద సిరా పాకుతుంది. చివరి పేరా అంకెలు ఖరారయ్యాకే అచ్చుకు ఇవ్వండి.

మత్తడి
కాలువ పొడవు సర్వేయరు టేపు పెట్టినంక రాయుండ్రి. నేను చెప్పిన 1,200 లెక్క కోసం చెప్పింది. వచ్చే ఆదివారం పొద్దున నక్షా తెచ్చెటోళ్లు ఎవరన్న ఉంటె చెప్పుండ్రి, మూడు కుంటలు నడిచి చూద్దాం. దాట్లు తక్కువ ఉన్నదాన్నే తీసుకుందాం, ఒక్కో దాటుకు 35,000 మిగుల్తది.

బడి_గంట
నక్షా నేను తెప్పిస్తాను సార్. రైతు ప్రతినిధిగా ఆయకట్టు చివరి మడి రైతును తీసుకోండి. తూము పక్కనున్న రైతుకు కాలువ బాగున్నా లేకున్నా నీళ్లు వస్తాయి.